ఒక ఆస్పత్రి చీటీకి ప్రతిపదార్థం

మూలం: "క్రానిక్ లో బ్యాక్ పెయిన్ విత్ లెఫ్ట్ రాడిక్యులోపతీ. పోస్ట్ డిస్కెక్టమీ. కన్జర్వేటివ్ ట్రీట్‌మెంట్ ఫెయిల్డ్. అడ్వైజ్: ఎస్‌సీఎస్ ట్రయల్."

అవతారిక

విశాఖపట్నంలో ఒక నొప్పి వైద్యుడు రాసిచ్చిన చీటీ ఇది. అనకాపల్లి తిరిగొచ్చే బస్సులో సీట్లు ఖాళీగానే ఉన్నా నేను కడ్డీ పట్టుకుని నిలబడే వచ్చాను. కూర్చుంటే ఎడమ పిర్రలో మంట మొదలవుతుంది. లంకెలపాలెం దాటేసరికి చీటీ పదిసార్లు చదివి ఉంటాను. మాటలన్నీ ఎక్కడో విన్నవే, వాక్యం మాత్రం పట్టుబడలేదు.

ముప్పై ఏళ్లు హైస్కూళ్లలో తెలుగు చెప్పాను. పద్యం కొరుకుడు పడకపోతే పదం పదం విడగొట్టుకోండి, ఒక్కోదానికీ అర్థం రాసుకోండి, అప్పుడు అన్వయం చూసుకోండి అని పిల్లలకి చెప్పేవాణ్ణి. నా ఒంటి గురించి రాసిన వాక్యానికి ఆ మాత్రం పని చెయ్యకుండా ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టకూడదనిపించింది. "ఆలోచించుకోండి మాస్టారూ, తొందరేం లేదు" అన్నారు డాక్టరు గారు. ఆయనిచ్చిన గడువులో చదివాను, అడిగాను, రాసుకున్నాను. నేను వైద్యుణ్ణి కాను, రోగిని. రోగి చేసిన వ్యాఖ్యగానే దీన్ని చదవండి.

క్రానిక్

గ్రీకులో కాలం అనే మాటలోంచి పుట్టింది. పత్రికల్లో 'దీర్ఘకాలిక' అని రాస్తారు. మా ఊళ్లో 'మొండి నొప్పి' అంటారు. నా మటుకు నాకు అదే అసలైన అనువాదం. వైద్యులు గీసుకున్న గీత మూడు నెలలు. అంతకు మించి ఉన్నా, తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ వస్తున్నా క్రానిక్ అంటారు. నాది పదకొండేళ్ల నాటిది.

మూడు నెలలే ఎందుకంటే, దెబ్బతిన్న కండరమైనా ఎముకైనా మామూలుగా ఆలోపు మానుతుంది. కొత్త నొప్పి కబురు తెచ్చే మనిషి లాంటిది. ఇక్కడేదో చెడింది, చూసుకో అని చెప్పి వెళ్లిపోతుంది. మొండి నొప్పిలో చెడినచోటు చాలావరకు మానినా కబురు ఆగదు. పిల్లాడు ఎక్కాన్ని వల్లించి వల్లించి నిద్రలో కూడా అప్పజెప్పినట్టు, వెన్నుపాములోనూ మెదడులోనూ ఉన్న నరాలు ఆ నొప్పిని కంఠస్థం చేసేస్తాయి. చిన్న కదలికకి కూడా మొత్తం పాఠం అప్పజెబుతాయి. ఇది తెలిశాక నాకు చాలా భయం పోయింది. అంతకుముందు వంగిన ప్రతిసారీ లోపల ఇంకాస్త విరుగుతోందేమో అనుకునేవాణ్ణి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమల్లోకి తెచ్చిన జబ్బుల వర్గీకరణలో దీర్ఘకాలిక నొప్పికి సొంతంగా ఒక చోటిచ్చారు. అంతవరకు అది వేరే జబ్బుకి లక్షణమే తప్ప తానుగా జబ్బు కాదు. "స్కానింగులో పెద్దగా ఏమీ లేదుగా, మరి నొప్పేంటి?" అన్న మాట పడినవాళ్లకి ఆ చోటు విలువ తెలుస్తుంది.

లో బ్యాక్

నడుము. నడుమ అంటే మధ్య, ఒంటికి మధ్యలో ఉన్నది నడుము. మన భాష మనిషి ధైర్యాన్నంతా అక్కడే దాచింది. పనికి నడుం బిగిస్తాం, అలసిపోతే నడుం వాలుస్తాం, అండగా ఉన్నవాణ్ణి వెన్నుదన్ను అంటాం, పారిపోయినవాడు వెన్ను చూపించాడంటాం. నడుం పట్టేసినవాడికి నొప్పితో పాటు సిగ్గు కూడా ఎందుకొస్తుందో ఈ మాటల్లోనే ఉంది. పెళ్లిలో అందరూ బల్లలు సర్దుతుంటే గోడకి ఆనుకుని నిలబడ్డవాడి మొహం చూడండి, తెలుస్తుంది.

అనకాపల్లి నడుం మీద బతికే ఊరు. చెరుకు నరకాలంటే మొదలు దాకా వంగాలి, మోపు కట్టి ఎత్తాలి. బెల్లం మార్కెట్లో ఒక పెద్ద వయసు కలాసీ దిమ్మ ఎత్తడం నేను చాలాసేపు చూశాను. ముందు మోకాళ్లు వంచి కూర్చున్నంత పని చేస్తాడు. దిమ్మని తొడకి ఆనిస్తాడు. తొడమీంచి పొట్టకి, పొట్టమీంచి ఛాతీకి, అక్కణ్ణుంచి ఒక్క ఊపులో భుజానికి. దిమ్మ ఎప్పుడూ ఒంటికి దూరంగా పోదు, నడుం ఎక్కడా వంగదు, తిరగాలంటే పాదాలతో సహా తిరుగుతాడు. నాకు ఫిజియోథెరపీ గదిలో బొమ్మలు చూపించి నేర్పింది అచ్చంగా ఇదే. నేను మాత్రం కుర్రతనంలో నాన్న పక్కన నిలబడి దిమ్మల్ని చేతులు చాచి అందుకునేవాణ్ణి. ఉద్యోగమొచ్చాక చోడవరం వైపు గుంతల రోడ్డు మీద ఏళ్ల తరబడి స్కూటరు. ఏది కారణమో ఒక్కటని ఎవరూ తేల్చలేదు. చాలా నడుములకి అలా తేలదు కూడా.

నడుంలో ఉండే పూసలు అయిదు. బరువంతా మోసే చివరి రెండు కీళ్ల దగ్గరే ఎక్కువ తగాదా. 2020లో ప్రపంచం మొత్తం మీద 61.9 కోట్ల మందికి నడుం నొప్పి ఉందని లెక్క కట్టారు. మనిషిని పనిలోంచి తప్పించే కారణాల్లో దీనిదే మొదటి స్థానం.

స్కానింగు గురించి ఇక్కడే చెప్పాలి. నొప్పి అంటూ ఏమీ లేని మూడు వేల మంది స్కానింగులను కలిపి చూసిన ఒక సమీక్ష 2015లో వచ్చింది. ఇరవై ఏళ్లవాళ్లలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. నొప్పి లేనివాళ్ల సంగతి ఇది! "గుజ్జు అరిగిపోయింది" అన్న మాట వినగానే మంచం ఎక్కేసేవాళ్లు ఈ అంకెలు ఒకసారి చూసుకోవాలి. తల నెరిసినట్టే డిస్కూ నెరుస్తుంది. కాగితం మీది బొమ్మ మనిషి చెప్పేదానితో కలిస్తేనే దానికి అర్థం.

పెయిన్

ఇంగ్లీషులో ఒక్క మాట. తెలుగులో అంత తేలిగ్గా పోదు. తలకి పోటు, పుండుకి సలుపు, కడుపులో మంట, కీళ్లలో పీకుడు, ఒళ్లంతా తీపులు, పిక్క పట్టడం, కాలు లాగడం, వేళ్లు తిమ్మిరెక్కడం, పన్ను జివ్వుమనడం. మన అమ్మమ్మలు ఒక్కోదానికీ ఒక్కో మాట వాడారంటే, ఒక్కోదానికీ ఒక్కో వైద్యం చేశారు కాబట్టే.

కెనడాలోని మాంట్రియల్‌లో రోనాల్డ్ మెల్జాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సరిగ్గా ఈ పనే శాస్త్రంగా చేశారు. రోగులు నొప్పిని చెప్పడానికి వాడే మాటలు పోగేసి, 78 మాటలను 20 గుంపులుగా విడగొట్టి 1975లో ప్రశ్నావళిగా ప్రచురించారు. ఏ మాట ఎన్నుకున్నారనే దాన్నిబట్టి ఎలాంటి నొప్పో పోల్చుకోవచ్చని ఆయన ఆలోచన. ఈయన పేరు గుర్తుంచుకోండి, ముందు మళ్లీ వస్తుంది.

విశాఖలో డాక్టరు గారు "నొప్పి ఎలా ఉంటుంది?" అనడిగితే "చాలా ఎక్కువండీ" అన్నాను. "ఎంత అని కాదు మాస్టారూ, ఎలా?" అన్నారు. అప్పుడు చెప్పాను. నడుం మధ్యలో పొద్దున్న లేవగానే పట్టేసి ఉంటుంది, వేణ్ణీళ్లు పోసుకుంటే వదులుతుంది. కాలిది వేరు. పిర్రలోంచి పిక్క దాకా తీగ పట్టి లాగినట్టుంటుంది, పాదం బయటి అంచున మంట, రాత్రి పక్క తిరిగితే కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది, చిటికెన వేలు మొద్దుబారిపోయింది. ఆయన రాయడం ఆపి, నా వైపు తిరిగి, "అదీ నాక్కావలసింది" అన్నారు.

ఆ తేడా మీదే మిగతా కథంతా నడుస్తుంది. పట్టేయడం, పీకడం అనేవి కండరం, కీలు, పూస చెప్పే మాటలు. మంట, తిమ్మిరి, కరెంటు, సూదులు అనేవి నరం తానే దెబ్బతిని చెప్పే మాటలు. చీటీ చివర ఉన్న పరికరం ప్రధానంగా రెండో రకానికి. అందుకే డాక్టరు దగ్గర "పదికి ఎనిమిది" అని అంకె చెప్పి ఊరుకోకండి. ఇంట్లో మీ అమ్మకి ఎలా చెబుతారో అలా చెప్పండి.

ఇంకొక్క మాట. నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 1979లో ఇచ్చిన నిర్వచనాన్ని 2020లో సవరిస్తూ, తనకు నొప్పిగా ఉందని మనిషి చెప్పినప్పుడు ఆ మాటను గౌరవించాలని చేర్చింది. ఆ వాక్యం ప్రతి ఓపీ గదిలోనూ ఉండాలి, ప్రతి ఇంట్లోనూ ఉండాలి.

విత్

తో, సహా. చిన్న మాట, బరువైన పని చేస్తోంది. నడుం నొప్పి ఒక్కటే ఉండటం వేరు, దానితో పాటు నరం నొప్పి కాల్లోకి దిగడం వేరు. ఈ 'తో' లేకపోతే చీటీలో చివరి ముక్క రాయవలసిన పని బహుశా ఉండేదే కాదు.

లెఫ్ట్ రాడిక్యులోపతీ

లాటిన్‌లో వేరు అనే మాటకి జబ్బు అనే మాట చేర్చారు. వెన్నుపాము నుంచి ఒక్కో పూస సందులోంచి బయటికొచ్చే నరపు వేరు నలిగినా, వాచినా వచ్చేది. జనం నోట్లో సయాటికా. ఆయుర్వేదంలో గృధ్రసి, గృధ్రమంటే రాబందు. ఈ నొప్పి ఉన్నవాడు ఒక కాలు ఈడుస్తూ రాబందులా నడుస్తాడు కాబట్టి ఆ పేరని చెబుతారు. అద్దంలో నా నడక చూసుకున్నాక ఆ పేరు పెట్టినవాళ్ల చూపు ఎంత నిశితమో అర్థమైంది. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలెత్తి, ఎంత ఎత్తులో జివ్వుమంటుందో చూసే పరీక్ష ఇందుకే.

పోస్ట్ డిస్కెక్టమీ

డిస్కు ముక్క తీసేసే ఆపరేషన్ అయిపోయాక, అని. పొంగిన డిస్కు నరాన్ని నొక్కడం వల్లే సయాటికా వస్తుందని, దాన్ని తీస్తే తగ్గుతుందని అమెరికాలో మిక్స్టర్, బార్ అనే ఇద్దరు వైద్యులు 1934లో రాశారు. అప్పట్నుంచి ఈ ఆపరేషన్ లక్షల మందిని నడిపించింది. నన్ను కూడా ఒక ఏడాది నడిపించింది. ఆ తర్వాత మంట తిరిగొచ్చింది.

ఇలాంటి వాళ్లకి వైద్య పుస్తకాల్లో చాలాకాలం 'విఫలమైన వెన్ను ఆపరేషన్' అనే అర్థం వచ్చే పేరుండేది. రోగి ఒంటికి పరీక్ష ఫెయిలైన ముద్ర వేసినట్టుండే ఆ పేరుని మార్చాలని 2021లో కొందరు నిపుణులు ప్రతిపాదించారు, 'వదలని వెన్ను నొప్పి' అనే అర్థంలో. నాకది మంచి మార్పు. ఆపరేషన్ చేసిన డాక్టరు తప్పూ ఉండక్కర్లేదు, చేయించుకున్నవాడి తప్పూ ఉండక్కర్లేదు. నరం చాలాకాలం నలిగాక వత్తిడి తీసేసినా అది పాత పాఠమే చదువుతూ ఉండొచ్చు.

కన్జర్వేటివ్ ట్రీట్‌మెంట్ ఫెయిల్డ్

కత్తి లేని వైద్యాలన్నీ అయిపోయాయి, ఫలితం లేదు, అని. ఈ మూడు మాటల దగ్గర నేను ఎక్కువ రోజులు ఆగిపోయాను. 'ఫెయిల్డ్' అని రాయించింది నేనే. డాక్టరు అడిగితే "అన్నీ చేశానండీ" అన్నాను. నిజంగా చేశానా?

వావిలాకు కాపడం చేశాను, నువ్వుల నూనె పట్టించుకున్నాను. కాళ్లు ముందొచ్చేలా పుట్టినవాళ్ల చేత నడుం తన్నించుకుంటే పోతుందంటే అదీ చేయించుకున్నాను. (నరం నొప్పి ఉన్నవాళ్లు దయచేసి ఇది చేయించుకోకండి.) మందుల షాపులో చీటీ లేకుండా నొప్పి మాత్రలు కొనుక్కుని నెలల తరబడి మింగాను. వాటి వల్ల కడుపులో పుళ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఉద్దానం ఉన్న ఉత్తరాంధ్రవాళ్లం, కిడ్నీ జబ్బు ఒక ఇంటిని ఏం చేస్తుందో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నరాల మాత్రలు వాడితే మత్తు, కళ్లు తిరగడం. అందులో ఒకటైన ప్రెగాబాలిన్ సయాటికాలో ఉత్తుత్తి మాత్రకంటే మెరుగ్గా పనిచేయలేదని 2017లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చారు. వెన్నులో ఇంజెక్షన్ చేయించుకున్నాను, రెండు నెలలు హాయి.

వ్యాయామం? అదీ చేశాను, మూడు వారాలు. తగ్గగానే మానేశాను, రాగానే మొదలెట్టాను, తగ్గట్లేదని మళ్లీ మానేశాను. 2024లో అదే ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఒక పరిశోధన చదివాక నాకు బాధేసింది. నడుం నొప్పి తగ్గినవాళ్లలో కొందరికి ఫిజియోథెరపిస్టు సాయంతో క్రమంగా నడక పెంచుకునే పద్ధతి నేర్పారు, కొందరికి ఏమీ చెప్పలేదు. నొప్పి తిరిగి రావడానికి రెండో గుంపుకి సగటున 112 రోజులు పడితే, నడిచినవాళ్లకి 208 రోజులు పట్టింది. ఖర్చు జోళ్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో నడుం నొప్పికి ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా వ్యాయామానికీ, రోగికి అర్థమయ్యేలా చెప్పడానికీ పెద్దపీట వేసి, నడుం బెల్టులు, బరువులు కట్టి లాగడం, మార్ఫిన్ తరహా మందులు మామూలుగా వద్దని చెప్పింది.

కాబట్టి ఆ పదానికి నా సవరణ ఇది: వైద్యం కొంత ఫెయిలైంది, కొంత నేను హాజరు కాలేదు. మీ చీటీలో ఈ మాట ఉంటే, దాని కింద మీరేం చేశారో, ఎన్ని వారాలు చేశారో రాసుకోండి. ఈ రెండు నెలలూ నేను రోజూ శారదా నది వంతెన వైపు పొద్దున్నే నడుస్తున్నాను. మొదట పది నిమిషాలు, ఇప్పుడు ఇరవై రెండు. నడుం పట్టు కొంచెం సడలింది. కాలి మంట మాత్రం అలాగే ఉంది.

అడ్వైజ్

సలహా. ఆజ్ఞ కాదు.

ఎస్‌సీఎస్

స్పైనల్ కార్డ్ స్టిమ్యులేటర్, అంటే వెన్నుపాముకి సన్నని కరెంటు అందించే పరికరం. వినగానే ఒళ్లు జలదరిస్తుంది, కానీ మూలసూత్రం మనకి పుట్టుకతో తెలిసిందే. గడపకి మోకాలు కొట్టుకుంటే ఏం చేస్తాం? గబుక్కున రుద్దుకుంటాం. ఎందుకు తగ్గుతుంది? మెల్జాక్, పాట్రిక్ వాల్ కలిసి 1965లో దానికి జవాబు చెప్పారు. వెన్నుపాములో ఒక గేటు లాంటిది ఉందన్నారు. నొప్పి కబురు సన్నని నరాల మీద వస్తుంది, స్పర్శ కబురు లావు నరాల మీద వస్తుంది. లావు నరాలు జోరుగా పనిచేస్తే గేటు మూసుకుపోయి, నొప్పి కబురు మెదడుకి చేరడం తగ్గుతుంది. లెవెల్ క్రాసింగు దగ్గర రైలు వెళ్తుంటే బళ్లు ఆగిపోయినట్టన్నమాట.

రెండేళ్లకే, 1967లో, అమెరికాలో నార్మన్ షీలీ అనే న్యూరోసర్జన్ ఒక క్యాన్సర్ రోగి వెన్నుపాము మీద మొదటిసారి ఇలాంటి పరికరం అమర్చారు. ఇవాళ్టి పరికరంలో మూడు భాగాలు. చివర లోహపు చుక్కలున్న సన్నని తీగ, దీన్ని లీడ్ అంటారు. అగ్గిపెట్టెంత బ్యాటరీ పెట్టె. రోగి చేతిలో రిమోటు. ఎక్స్‌రేలో చూస్తూ సూది ద్వారా తీగని వెన్నుపాము పైపొర బయట ఉన్న సందులోకి జారుస్తారు. పెట్టె పిర్ర పైభాగంలో చర్మం కింద ఉంటుంది.

నా సందేహం: నొప్పి నడుంలో ఉంటే తీగని ఛాతీ వెనకాల ఎనిమిదో పూస నుంచి పదో పూస దాకా ఎందుకు పెడతారు? జవాబు చాలా సరళం. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుం మొదటి, రెండో పూసల దగ్గరే ముగిసిపోతుంది. కింద ఉన్నవి నరాల పాయలే. నడుం, కాలు చెప్పే కబురు వెన్నుపాములోకి ఎక్కే చోటు పైన ఉంది, కాబట్టి గేటూ పైనే.

పాత పద్ధతిలో నొప్పి ఉన్నచోట చీమలు పాకినట్టు చిమచిమలాడుతూ ఉంటుంది. 2015 నుంచి అమెరికా అనుమతితో సెకనుకు పదివేలసార్లు కొట్టుకునే కరెంటు వచ్చింది, అందులో ఆ చిమచిమ ఉండదు. చిమచిమ లేకుండా కూడా పనిచేస్తోందంటే గేటు ఒక్కటే మొత్తం కథ కాదన్నమాట.

ఇది డిస్కుని బాగుచేయదు, నరాన్ని మానిపించదు. కబురుని అడ్డుకుంటుంది, అంతే. ఆపితే నొప్పి తిరిగొస్తుంది. ఇది తెలియకుండా ఆశపడితే పరికరం బాగా పనిచేసినా నిరాశే.

ట్రయల్

చీటీలో నాకు అన్నిటికంటే నచ్చిన మాట. ఆపరేషన్‌ని ముందు రుచి చూసి తర్వాత చేయించుకునే అవకాశం వైద్యంలో చాలా అరుదు. మా మార్కెట్లో కొనేవాడు దిమ్మని గిల్లి నోట్లో వేసుకుని గానీ ధర చెప్పడు. ట్రయల్ అలాంటిది. సూదితో తీగ మాత్రమే పెడతారు, బ్యాటరీ పెట్టె బయట నడుంకి కట్టుకుంటారు. మూడు నుంచి ఏడు రోజులు, కొన్నిచోట్ల ఇంకాస్త ఎక్కువ. స్నానం లేదు, తడిబట్టతో తుడుచుకోవడమే. వంగకూడదు, మెలి తిరగకూడదు, బరువెత్తకూడదు. నొప్పి సగమైనా తగ్గితే శాశ్వతంగా అమరుస్తారు, లేకపోతే తీగ లాగేస్తారు.

సాక్ష్యం ఏమంటోంది? ఇక్కడ రెండు వైపులా నిజాయితీగా చూడాలి. 2007లో వచ్చిన ఒక పరిశోధనలో, ఆపరేషన్ తర్వాత కాలి నొప్పి వదలని 100 మందిని రెండు గుంపులు చేశారు. ఆరు నెలలకి పరికరం పెట్టినవాళ్లలో 48 శాతం మందికి కాలి నొప్పి సగానికి పైగా తగ్గింది, మందులతోనే ఉన్నవాళ్లలో 9 శాతం మందికే. పరికరం చేసే కంపెనీ డబ్బుతో జరిగిన పని అది, ఎవరికి ఏది పెట్టారో రోగులకి తెలుసు కూడా. 2008లో బ్రిటన్ ఆరోగ్య వ్యవస్థ సలహా సంస్థ నైస్, ఆరు నెలలు దాటిన నరం నొప్పికి, ట్రయల్ విజయవంతమైతే దీన్ని వాడొచ్చంది. మరోవైపు 2022లో నార్వే వైద్యులు 50 మందికి పరికరం అమర్చి, రోగికి తెలియకుండా కొన్ని నెలలు కరెంటు ఇచ్చి, కొన్ని నెలలు ఇవ్వకుండా చూశారు. వాళ్లు పరీక్షించింది విడతలు విడతలుగా కొట్టే ఒక్క రకం కరెంటునే. రోజువారీ పనుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2023లో కొక్రేన్ సమీక్ష 13 పరిశోధనలు, 699 మంది రోగులను కలిపి చూసి, నడుం నొప్పికి ఇది మేలు చేస్తుందని నమ్మడానికి ఆధారం చాలదంది.

రెండూ చదివాక నా తీర్పు: నడుం పట్టు కోసమైతే నేను దీని జోలికి వెళ్లను. కాలి మంట కోసమైతే ట్రయల్ చూడొచ్చు. అదీ కళ్లు తెరుచుకుని. హైడ్రోస్ వేసిన బెల్లం మొదట్లో బంగారంలా మెరుస్తుంది, నిలవుంటే నల్లబడుతుంది. ఆశతో వచ్చే ఉపశమనం కూడా అలాంటిదే. వారం ట్రయల్లో అది నిజం బెల్లంలాగే కనిపించొచ్చు. కొందరికి పరికరం నిజంగా పనిచేసినా ఏళ్లు గడిచేకొద్దీ ప్రభావం తగ్గుతుంది.

అందుకే శాతం ఒక్కటే నమ్ముకోదలచలేదు. డైరీలో మూడు పనులు రాసుకున్నాను. గవరపాలెంలో నూకాంబిక అమ్మవారి గుడికి నడిచి వెళ్లి, వరసలో నిలబడి, దర్శనం చేసుకుని తిరిగి రావాలి. కొత్త అమావాస్య జాతరకి వెళ్లి నాలుగేళ్లయింది. కుర్చీలో గంటసేపు కూర్చుని పుస్తకం చదవాలి. రాత్రి నాలుగు గంటలు ఏకధాటిగా నిద్రపోవాలి. ఈ మూడిట్లో రెండు జరిగితేనే ట్రయల్ గెలిచినట్టు.

అధ్యాహారం

వాక్యంలో లేకపోయినా అర్థం కోసం వ్యాఖ్యాత తెచ్చి చేర్చే మాటని అధ్యాహారం అంటారు. ఈ చీటీకి అలాంటివి చాలా కావాలి.

మొదటిది, ప్రమాదం. తీగ జరిగిపోవచ్చు, చీము పట్టొచ్చు, మళ్లీ కోయాల్సి రావచ్చు. నాకు షుగరుంది, అది అదుపులోకి వచ్చేదాకా ట్రయల్ కూడా వద్దన్నారు, సబబే. చార్జింగు అక్కర్లేని బ్యాటరీ కొన్నేళ్లకే అయిపోతుంది, చార్జింగు పెట్టుకునేది దాదాపు పదేళ్లు వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మాకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు చార్జింగు ఎలా అన్నది అనకాపల్లివాడు అడిగి తీరాల్సిన ప్రశ్న. ఎమ్మారై ఏ మోడల్‌తో ఏ షరతుల మీద తీయొచ్చో ముందే రాయించుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం: పరికరం ఉన్నవాళ్లు ఫిజియోథెరపీ కేంద్రాల్లో ఇచ్చే డయాథెర్మీ వేడి పెట్టించుకోకూడదు. తీగ వేడెక్కి నరాలు కాలిపోయే ప్రమాదం ఉంది. అక్కడ ఎవరూ అడగకపోయినా మనమే చెప్పాలి.

రెండోది, డబ్బు. ఖరీదు లక్షల్లో ఉంటుంది, బ్యాటరీ మార్చినప్పుడల్లా మళ్లీ ఖర్చు. ఎన్టీఆర్ వైద్య సేవ (ఇదివరకటి ఆరోగ్యశ్రీ) కార్డున్నా, నాలాంటి పెన్షనర్లకీ వర్తించే ఉద్యోగుల ఆరోగ్య పథకం కార్డున్నా, ప్రైవేటు బీమా ఉన్నా, పరికరం ధర అందులో ఉందా లేదా అన్నది ఆస్పత్రిలో చేరకముందే కాగితం మీద తీసుకోండి. నోటిమాట చాలదు.

మూడోది, ప్రమాద సూచనలు. మూత్రం బిగదీయడం లేదా తెలియకుండా పోవడం, రెండు కాళ్ల మధ్య స్పర్శ పోవడం, పాదం ఎత్తలేకపోవడం మొదలైతే స్టిమ్యులేటర్ల గురించి ఆలోచించే సమయం కాదు, ఆ పూటే పెద్దాస్పత్రికి పరుగెత్తాలి. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలతో నడుం నొప్పి ఉంటే పూసకి క్షయ పట్టిందేమో చూడాలి. మన దేశంలో అది అరుదైన సంగతి కాదు. మందులతో నయమయ్యేదాన్ని ముదరనివ్వకూడదు.

నాలుగోది మనసు. ట్రయల్‌కి ముందు మానసిక నిపుణుల్ని కలవమన్నారు. మొదట కష్టమేసింది, నా నొప్పి అబద్ధమంటున్నారేమో అని. కాదట. నిద్ర లేమి, దిగులు నొప్పిని పెంచుతాయి, వాటికి వైద్యం చేయకుండా పరికరం పెడితే ఫలితం తగ్గుతుందట. గంటసేపు మాట్లాడించారు. ఈ పదకొండేళ్లలో నా నొప్పి గురించి గంటసేపు విన్న మొదటి మనిషి ఆవిడ.

అయిదోది మా ఆవిడ. చీటీలో ఆమె ప్రస్తావన ఎక్కడా లేదు. నీళ్ల బిందె మోసేది, నా చెప్పులు వంగి తీసిపెట్టేది, నేను రాత్రి లేచినప్పుడల్లా లేచేది ఆమె.

"ఏమండీ, ఆ మిషను పెట్టాక మళ్లీ ముందులా అవుతారా?"

"అవను. సగం తగ్గితే గొప్ప."

"సగం తగ్గినా చాలు. పొద్దున్న లేవగానే నా మీద విసుక్కోకుండా ఉంటే నాకదే చాలు."

డైరీలో మూడు పనుల కింద నాలుగోది రాసుకున్నాను.

అన్వయం

షుగరు మూడు నెలల పరీక్షలో డాక్టరు చెప్పిన అంకె కిందికి వచ్చింది. సంక్రాంతి వెళ్లాక ట్రయల్‌కి రోజు ఖాయం చేసుకున్నాం. మా అబ్బాయి ఆ వారం సెలవు పెట్టాడు. శాశ్వతంగా అమర్చడానికి ఆస్పత్రివాళ్లు ఇచ్చిన అంగీకార పత్రం ఇంట్లో ఉంది. దాని మీద ఇంకా సంతకం చేయలేదు. ట్రయల్ తీగ తీసేశాక రెండు వారాలు ఆగి, డైరీ ముందు పెట్టుకుని, మా ఆవిడ పక్కన కూర్చున్నప్పుడే చేస్తానో మానతానో తేల్చుకుంటాను. రేపు పొద్దున్న మాత్రం వంతెన వైపు ఇరవై మూడు నిమిషాలు నడవాలి.